బీట్‌రూట్ తింటే రక్తం పడుతుందా? - పోషక విలువలు, ప్రయోజనాలు, వంటకాలు



ఇంట్లో ఎవరైనా నీరసంగా కనిపించినా, ముఖం పాలిపోయినట్లు అనిపించినా పెద్దవాళ్లు వెంటనే ఒక సలహా ఇస్తారు. "రోజూ బీట్‌రూట్ తిను, రక్తం పడుతుంది" అంటారు. దుంపను కోస్తే చేతులు ఎర్రబడతాయి. తురిమితే కారే రసం అచ్చం రక్తంలాగే ఉంటుంది. అందువల్ల ఈ మాటను ఎవరూ అనుమానించరు. మీలో చాలామంది కూడా నమ్మే ఉంటారు.

ఈ నమ్మకంలో నిజమెంత? ఒక కూరగాయ గురించి ఇంత చర్చ అవసరమా అని మీకు అనిపించవచ్చు. అవసరమే. 2019-21 సంవత్సరాలలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 సంవత్సరాల వయస్సున్న బాలికలలో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ఒక తరగతిలో పదిమంది అమ్మాయిలుంటే వారిలో ఇంచుమించు ఆరుగురికి రక్తం తక్కువగా ఉందన్నమాట. బడిలో ఇచ్చే ఇనుము మాత్రను పక్కన పెట్టి, దాని బదులు బీట్‌రూట్ రసం తాగితే సరిపోతుందని ఈ అమ్మాయిలు అనుకుంటే నష్టపోయేది వారే.

ఈ పాఠంలో మనం ఈ అంశాలను తెలుసుకుందాం:

- బీట్‌రూట్ మొక్క పరిచయం, దాని చరిత్ర
- ఎరుపు రంగుకు కారణం
- దుంపలోను, ఆకులోను ఉండే పోషక పదార్థాలు
- రక్తహీనతకు, బీట్‌రూట్‌కు ఉన్న సంబంధం
- రక్తపోటుపై దాని ప్రభావం
- ఎవరు జాగ్రత్తగా ఉండాలి
- వండే విధానాలు, మీరే చేయగల చిన్న ప్రయోగాలు

1. మొక్క పరిచయం

బీట్‌రూట్ శాస్త్రీయ నామం బీటా వల్గారిస్. ఇది అమరాంథేసి కుటుంబానికి చెందిన మొక్క. మనం ఇష్టంగా తినే తోటకూర, పాలకూర కూడా ఈ కుటుంబంలోనివే. ఈ చుట్టరికాన్ని గుర్తుంచుకోండి. ముందు ముందు ఇది మనకు ఉపయోగపడుతుంది.

బీట్‌రూట్ ద్వివార్షిక మొక్క. మొదటి సంవత్సరం ఆకుల్లో తయారైన ఆహారాన్ని దుంపలో దాచుకుంటుంది. రెండవ సంవత్సరం ఆ నిల్వను ఖర్చుపెట్టి పూత పూసి, విత్తనం కడుతుంది. మనం మొదటి దశలోనే, విత్తిన రెండు మూడు నెలలకు, దుంపను తవ్వుకొని తింటాం. కనుక మనం తినేది మొక్క రేపటి కోసం దాచుకున్న ఆహారమే. దుంపలో తీపి ఎందుకు ఉంటుందో దీనివల్ల అర్థమవుతుంది.

దుంపను అడ్డంగా కోసి చూడండి. ఒకదాని చుట్టూ ఒకటిగా ముదురు, లేత రంగు వలయాలు కనిపిస్తాయి. చెట్టు కాండంలోని వలయాలకు మల్లే వీటిని సంవత్సరాలుగా లెక్కపెట్టకూడదు. దుంపలో ఒకదాని వెలుపల మరొకటిగా పుట్టే విభాజ్య కణజాలపు పొరల వల్ల ఈ వలయాలు ఏర్పడతాయి.

విత్తనం విషయంలో కూడా ఒక విశేషం ఉంది. మనం బీట్‌రూట్ విత్తనం అని నాటేది నిజానికి కొన్ని విత్తనాలు కలిసిపోయిన చిన్న గుత్తి. అందువల్ల ఒక్క విత్తనం నాటిన చోట రెండు మూడు మొలకలు వస్తాయి. రైతులు బలమైన మొలకను ఉంచి, మిగిలినవాటిని పీకివేస్తారు. పీకకపోతే దుంపలు ఊరవు. ఇది చల్లని వాతావరణాన్ని ఇష్టపడే పంట కాబట్టి మైదాన ప్రాంతాలలో శీతకాలంలో బాగా పండుతుంది. డెట్రాయిట్ డార్క్ రెడ్, క్రిమ్సన్ గ్లోబ్ అనేవి మన దేశంలో సాగవుతున్న ప్రసిద్ధ రకాలు.

2. సముద్ర తీరం నుంచి మన వంటింటికి

యూరప్ సముద్ర తీరాలలో పెరిగే ఒక అడవి మొక్క నుంచి బీట్‌రూట్ పుట్టింది. ప్రాచీన గ్రీకులు, రోమన్లు ముఖ్యంగా దీని ఆకులను వాడేవారు. ఉబ్బిన ఎర్రని దుంప 16వ శతాబ్దం నుంచి యూరప్‌లో వ్యాప్తిలోకి వచ్చింది.

ఇదే జాతికి చెందిన చక్కెర బీటుకు మరో చరిత్ర ఉంది. 1747లో ఆండ్రియాస్ మార్‌గ్రాఫ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త బీటు దుంప నుంచి తీసిన చక్కెర, చెరకు నుంచి వచ్చే చక్కెర ఒకటేనని నిరూపించాడు. ఆయన శిష్యుడు అకార్డ్ 19వ శతాబ్దపు తొలినాళ్లలో సైలీషియాలో మొదటి బీటు చక్కెర కర్మాగారాన్ని నడిపాడు. నేడు ప్రపంచంలో తయారయ్యే చక్కెరలో దాదాపు ఐదవ వంతు ఈ బీటు నుంచే వస్తోంది.

మన దేశంలో ఈ కూర ఆంగ్లేయుల కాలంలో నీలగిరి వంటి చల్లని కొండ ప్రాంతాలలో స్థిరపడింది. క్యారెట్, క్యాబేజీ, బీట్‌రూట్‌లను మన పెద్దవాళ్లు 'ఇంగ్లీషు కూరలు' అనడం మీరు వినే ఉంటారు. తెలుగువారి ఇళ్లలో చాలాచోట్ల ఈనాటికీ తద్దినం వంటలోకి వీటిని వాడరు. వంకాయకు, పొట్లకాయకు ఉన్నట్లు దీనికి తెలుగు పేరు స్థిరపడకపోవడానికి కూడా కారణం ఇదే. ఉత్తరాదిన దీన్ని 'చుకందర్' అంటారు. ఆ మాట పారశీకం నుంచి వచ్చింది.

3. ఎరుపు రంగు ఎక్కడిది?

ఇప్పుడు అసలు ప్రశ్నకు దగ్గరగా వెళదాం. రక్తం ఎర్రగా ఉంటుంది, బీట్‌రూట్ కూడా ఎర్రగా ఉంటుంది. రెండింటి ఎరుపూ ఒకటేనా?

రక్తం ఎర్రగా ఉండటానికి హిమోగ్లోబిన్ కారణం. హిమోగ్లోబిన్ ఒక ప్రోటీన్. దానిలో 'హీమ్' అనే భాగం ఉంటుంది. ఆ హీమ్ మధ్యలో ఒక ఇనుము పరమాణువు కూర్చుని ఉంటుంది. ఊపిరితిత్తులలో ప్రాణవాయువును పట్టుకొని శరీర కణాలకు అందించేది ఈ ఇనుమే.

బీట్‌రూట్ ఎరుపుకు కారణం 'బీటానిన్' అనే వర్ణకం. మొక్క దీనిని టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారు చేసుకుంటుంది. దీనిలో కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్ ఉంటాయి. ఇనుము మాత్రం లేదు. రక్తంలోకి వెళ్లినా ఇది ప్రాణవాయువును మోయలేదు. అంటే ఈ రెండు ఎరుపులకు కంటికి కనిపించే పోలిక తప్ప మరే సంబంధమూ లేదు.

బీటానిన్ 'బీటాలైన్‌లు' అనే వర్ణకాల తరగతికి చెందింది. ఎర్ర తోటకూర, బచ్చలి పండు, కాగితం పూలు, చంద్రకాంత పూలు, నాగజెముడు పండు - వీటి రంగులకు కూడా బీటాలైన్‌లే కారణం. నేరేడు పండు, వంకాయ తొక్క, మందార పువ్వులలో ఉండేవి 'ఆంథోసయనిన్‌లు' అనే మరో తరగతి వర్ణకాలు. ప్రకృతిలో ఈ రెండు తరగతులూ కలిసి ఒకే మొక్కలో ఇంతవరకు కనిపించలేదు. మొక్కల వర్గీకరణలో శాస్త్రవేత్తలకు ఈ తేడా ఎంతగానో తోడ్పడింది.

ఐస్‌క్రీములు, జామ్‌లు, మిఠాయిలు వంటి వాటికి రంగు వేయడానికి బీట్‌రూట్ వర్ణకాన్ని పరిశ్రమలలో వాడతారు. ఆహార పదార్థాల డబ్బాల మీద 162 అనే సంఖ్యతో దీనిని సూచిస్తారు. ఈసారి డబ్బా కొన్నప్పుడు చూడండి.

బీట్‌రూట్ తిన్న మర్నాడు కొంతమందికి మూత్రం గులాబీ రంగులో వస్తుంది. సుమారు 10 నుంచి 14 శాతం మందిలో ఇలా జరుగుతుంది. బీటానిన్ పూర్తిగా విచ్ఛిన్నం కాకుండా బయటకు రావడమే దీనికి కారణం. మూత్రంలో రక్తం పడుతోందని భయపడనవసరం లేదు. అయితే బీట్‌రూట్ తినకపోయినా మూత్రం ఎర్రగా ఉంటే తప్పనిసరిగా వైద్యునికి చూపించుకోవాలి.

4. పోషక విలువలు

100 గ్రాముల పచ్చి దుంపలో పోషకాలు సుమారుగా ఈ విధంగా ఉంటాయి:

నీరు - 87.6 గ్రాములు
శక్తి - 43 కిలోకాలరీలు
పిండి పదార్థాలు - 9.6 గ్రాములు (వీటిలో చక్కెరలు 6.8 గ్రాములు)
పీచు పదార్థం - 2.8 గ్రాములు
మాంసకృత్తులు - 1.6 గ్రాములు
కొవ్వు - 0.2 గ్రాములు
పొటాషియం - 325 మిల్లీగ్రాములు
ఇనుము - 0.8 మిల్లీగ్రాములు
విటమిన్ సి - 4.9 మిల్లీగ్రాములు
ఫోలేట్ - 109 మైక్రోగ్రాములు

నేలను బట్టి, రకాన్ని బట్టి ఈ అంకెలు కొంత మారుతుంటాయి. ఈ పట్టికలో మీ దృష్టిని నిలపవలసినవి చివరి మూడు. ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా లేదు. విటమిన్ సి తక్కువే. ఫోలేట్ మాత్రం చెప్పుకోదగినంత ఉంది. ఫోలేట్ 'బి' విటమిన్‌లలో ఒకటి.

ఇప్పుడు ఆకుల సంగతి చూద్దాం. మార్కెట్లో దుంపలు కొన్నప్పుడు ఆకులను అక్కడే తుంచి పారేయడం మనకు అలవాటు. 100 గ్రాముల బీట్‌రూట్ ఆకులో ఇనుము సుమారు 2.6 మిల్లీగ్రాములు, కాల్షియం 117 మిల్లీగ్రాములు, విటమిన్ సి 30 మిల్లీగ్రాములు ఉంటాయి. అంటే ఇనుము దుంపలో కంటే మూడు రెట్లు, విటమిన్ సి ఆరు రెట్లు ఎక్కువ. విటమిన్ ఎ గా మారే కెరోటిన్ దుంపలో దాదాపు లేదు, ఆకులో సమృద్ధిగా ఉంది. ఈ మొక్క తోటకూరకు, పాలకూరకు చుట్టమని మొదట చెప్పుకున్నాం కదా! బీట్‌రూట్ ఆకును కూడా వాటిలాగే ఒక ఆకుకూరగా చూడాలి.

5. రక్తం పడుతుందా?

ఇప్పుడు మనం లెక్క వేసి చూద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి 2020లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం 16 నుంచి 18 ఏళ్ల అమ్మాయికి ఆహారం ద్వారా రోజుకు 32 మిల్లీగ్రాముల ఇనుము అందాలి. అదే వయస్సు అబ్బాయికి 26 మిల్లీగ్రాములు కావాలి.

ఒక గ్లాసు రసానికి 200 గ్రాముల దుంప వాడామనుకుందాం. దానిలోని ఇనుము మొత్తం రసంలోకి వచ్చినా అది 1.6 మిల్లీగ్రాములే. అమ్మాయి అవసరంలో ఇది 5 శాతం. మొత్తం అవసరాన్ని బీట్‌రూట్‌తోనే తీర్చుకోవాలంటే రోజుకు 4 కిలోల దుంప తినాలి. అంత తింటే దానితోపాటు 270 గ్రాముల చక్కెర కూడా కడుపులోకి పోతుంది. ఇది ఎవరికీ సాధ్యమయ్యే పని కాదు.

మరి పెద్దల మాట పూర్తిగా తప్పా? అలా కూడా అనలేం. రక్తం తయారు కావడానికి ఇనుము ఒక్కటే సరిపోదు. ఎముకల మూలుగలో ఎర్ర రక్త కణాలు నిరంతరం విభజన చెందుతూ పుడుతుంటాయి. కణ విభజనకు డీఎన్ఏ తయారు కావాలి. డీఎన్ఏ తయారీకి ఫోలేట్ కావాలి. ఫోలేట్ లోపిస్తే కణాలు సరిగా విభజన చెందక, పెద్దవిగా, పరిపక్వత లేకుండా ఉండిపోతాయి. అది ఒక రకమైన రక్తహీనత. బీట్‌రూట్ సాయపడేది ఇక్కడే. ఒక వయోజన స్త్రీకి రోజుకు 220 మైక్రోగ్రాముల ఫోలేట్ అవసరం. 100 గ్రాముల పచ్చి దుంపలో దాదాపు అందులో సగం ఉంది. ఉడికించినప్పుడు కొంత నష్టపోయినా మూడవ వంతుకు తగ్గదు.

కనుక సరైన సమాధానం ఇది. బీట్‌రూట్ రక్తం తయారీకి కావలసిన వాటిలో ఒకదాన్ని బాగా అందిస్తుంది, మరొకదాన్ని చాలా తక్కువగా అందిస్తుంది. మన దేశంలో రక్తహీనతకు ఎక్కువగా కనిపించే పోషకాహార కారణం ఇనుము లోపం. అందువల్ల బీట్‌రూట్ మంచి కూరే కానీ, రక్తహీనతకు మందు కాదు.

మరి రక్తహీనత ఉన్నవారు ఏం చేయాలి?

మొదట పరీక్ష చేయించుకోవాలి. 12 నుంచి 14 ఏళ్ల పిల్లలలోను, ఆపై వయస్సు అమ్మాయిలలోను 100 మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే దానిని రక్తహీనతగా లెక్కిస్తారు. మెట్లెక్కితే ఆయాసం, చదువు మీద ధ్యాస నిలవకపోవడం, ఎప్పుడూ అలసటగా ఉండటం దీని లక్షణాలు. వీటిని బద్ధకమని కొట్టిపారేయవద్దు.

రెండవది, బడిలో వారానికి ఒకసారి ఇచ్చే నీలం రంగు మాత్రను మానకుండా వేసుకోవాలి. ఆ ఒక్క మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. కడుపులో తిప్పుతుందని కొందరు ఈ మాత్రను పారేస్తుంటారు. భోజనం చేసిన తరువాత వేసుకుంటే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. మలం నల్లగా రావడం సహజమే, దానికి భయపడవద్దు. ఇప్పటికే రక్తహీనత ఉన్నవారికి ఈ వారం మాత్ర సరిపోదు. వారికి వైద్యుడు చెప్పిన మోతాదు అవసరం.

మూడవది, కొంకి పురుగుల వంటివి పేగులలో చేరి రక్తాన్ని పీల్చేస్తుంటే ఎంత మంచి ఆహారం తిన్నా ప్రయోజనం ఉండదు. జాతీయ నులిపురుగుల నివారణ దినం నాడు బడిలో ఇచ్చే మాత్రను తప్పక తీసుకోవాలి.

నాలుగవది ఆహారం. మాంసం, కాలేయంలోని ఇనుము తేలికగా ఒంటపడుతుంది. శాకాహారులు ఆకుకూరలు, సజ్జలు, శనగలు, పప్పులు ఎక్కువగా తీసుకోవాలి. మొక్కల నుంచి వచ్చే ఇనుము తక్కువగా ఒంటపడుతుంది. దానితోపాటు నిమ్మరసం, ఉసిరి, జామ వంటివి తీసుకుంటే విటమిన్ సి వల్ల ఎక్కువ ఇనుము శరీరానికి అందుతుంది. అన్నం తినగానే టీ తాగితే టీలోని టానిన్లు ఆ ఇనుమును అడ్డుకుంటాయి. కనీసం గంట వ్యవధి ఇవ్వాలి.

6. రక్తపోటుపై ప్రభావం

బీట్‌రూట్ గురించి గత రెండు దశాబ్దాలలో జరిగిన పరిశోధనలలో ముఖ్యమైనవి రక్తపోటుకు సంబంధించినవి. ఈ దుంప నేల నుంచి నైట్రేట్‌లను ఎక్కువగా పీల్చుకొని నిల్వ చేసుకుంటుంది. మనం దానిని తిన్నాక జరిగేది వరుసగా చూద్దాం.

నైట్రేట్ పేగుల నుంచి రక్తంలోకి చేరుతుంది. దానిలో కొంత భాగాన్ని లాలాజల గ్రంథులు గ్రహించి తిరిగి నోటిలోకి వదులుతాయి. నాలుక మీద నివసించే బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తుంది. లాలాజలంతో మింగిన నైట్రైట్ కడుపులోను, రక్తంలోను నైట్రిక్ ఆక్సైడ్‌గా మారుతుంది. ఈ వాయువు రక్తనాళాల గోడలలోని కండరాలను సడలిస్తుంది. నాళాలు వెడల్పవుతాయి, రక్తపోటు తగ్గుతుంది. మన శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్ ఇలా సంకేతంగా పనిచేస్తుందని కనుగొన్నందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి లభించింది.

2008లో లండన్ పరిశోధకులు ఆరోగ్యవంతులకు అర లీటరు బీట్‌రూట్ రసం ఇచ్చి చూడగా, కొన్ని గంటలలో పై రక్తపోటు 10 మిల్లీమీటర్ల వరకు తగ్గింది. 2015లో అధిక రక్తపోటు ఉన్న 64 మందిపై జరిపిన పరిశోధనలో నాలుగు వారాలపాటు రోజుకు 250 మిల్లీలీటర్ల రసం ఇచ్చినప్పుడు పై రక్తపోటు దాదాపు 8 మిల్లీమీటర్లు తగ్గింది. రసం ఆపేసిన రెండు వారాలలో మళ్లీ మొదటి స్థితికి వచ్చింది. 2009లో ఇంగ్లాండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక పరిశోధనలో ఈ రసం తాగినవారు వ్యాయామంలో ఎక్కువసేపు అలసిపోకుండా నిలబడగలిగారు. అప్పటి నుంచి క్రీడాకారులలో దీని వాడకం పెరిగింది.

ఈ ఫలితాలను సరిగా అర్థం చేసుకోవాలి. ఇవి కొద్దిమంది మీద, కొద్ది వారాలపాటు చేసిన పరిశోధనలు. వీటిని చూసి ఇంట్లో తాతగారు, నాయనమ్మగారు వేసుకుంటున్న రక్తపోటు మాత్రలను ఆపించకూడదు. ఇందులో మరో ఆసక్తికరమైన అంశం ఉంది. క్రిములను చంపే మందులతో నోరు పుక్కిలిస్తే నాలుక మీది బ్యాక్టీరియా చనిపోయి, ఈ ప్రయోజనం చాలావరకు పోతుంది. నోటిలోని బ్యాక్టీరియా అంతా శత్రువులే కాదని దీనివల్ల తెలుస్తోంది.

7. ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

మూత్రపిండాలలో రాళ్లు ఉన్నవారు: దుంపలోను, ఆకులోను ఆక్సలేట్‌లు ఎక్కువ. ఇవి కాల్షియంతో కలిసి రాళ్లుగా ఏర్పడతాయి. ఇటువంటివారు తక్కువగా తీసుకోవాలి.

మధుమేహం ఉన్నవారు: కూరగా మితంగా తింటే ఇబ్బంది లేదు, పీచు కూడా అందుతుంది. వడకట్టిన రసంలో పీచు పోయి చక్కెర మిగులుతుంది. హల్వా సంగతి వేరే చెప్పనవసరం లేదు.

పసిపిల్లలు: నెలల పిల్లల శరీరంలో నైట్రైట్ హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయలేని రూపంలోకి మార్చే ప్రమాదం ఉంది. ఆరు నెలలలోపు బిడ్డకు తల్లిపాలు తప్ప బీట్‌రూట్ రసం వంటివి పట్టకూడదు.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నవారు: ఆకులో విటమిన్ కె చాలా ఎక్కువ. వైద్యుని అడిగి తినాలి.

ఉడికించిన బీట్‌రూట్‌ను గంటల తరబడి బయట ఉంచితే బ్యాక్టీరియా పెరిగి నైట్రేట్‌లు నైట్రైట్‌లుగా మారతాయి. వండినది ఆ పూటే తినాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి.

8. వంటగదిలో బీట్‌రూట్

కొనేటప్పుడు మధ్యస్థంగా, గట్టిగా, చర్మం నునుపుగా ఉన్న దుంపలను ఎంచుకోండి. మరీ పెద్దవి పీచుగా ఉంటాయి. ఇంటికి తెచ్చాక ఆకులను వేరు చేయండి. లేకపోతే అవి దుంపలోని తేమను లాగేస్తాయి, దుంప వాడిపోతుంది.

ఫోలేట్, నైట్రేట్, బీటానిన్ - మూడూ నీటిలో కరిగేవే. కనుక ముక్కలు కోసి నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వంపేస్తే మంచి అంతా పారబోసినట్లే. తొక్క తీయకుండా, పైన ఒక అంగుళం కాడ, కింద తోక వేరు అలాగే ఉంచి దుంపను ఉడికించాలి. ఉడికాక తొక్క చేతితోనే వచ్చేస్తుంది. వండేటప్పుడు కాస్త నిమ్మరసమో చింతపండు రసమో తగిలితే రంగు నిలబడుతుంది. సోడా ఉప్పు వేస్తే రంగూ పోతుంది, విటమిన్లూ పోతాయి.

కొబ్బరి వేపుడు: పావు కిలో దుంపను సన్నని ముక్కలుగా కోయాలి. మూకుడులో రెండు చెంచాల నూనె వేసి, ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు పెట్టాలి. ముక్కలు, ఉప్పు వేసి మూత పెట్టి సన్నని సెగ మీద మగ్గనివ్వాలి. నీళ్లు పోయనవసరం లేదు. చివర మూడు చెంచాల పచ్చికొబ్బరి తురుము చల్లి, దించాక అర చెక్క నిమ్మరసం పిండాలి.

పెరుగు పచ్చడి: తురిమిన దుంపను ఐదు నిమిషాలు ఆవిరి మీద ఉంచి చల్లార్చాలి. ఉప్పు, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపిన చిక్కని పెరుగులో వేసి, పైన ఆవాలు, జీలకర్ర తాలింపు పెట్టాలి. వేడిగా ఉండగా కలిపితే పెరుగు విరుగుతుంది.

ఆకు పప్పు: లేత ఆకులను, కాడలను సన్నగా తరిగి, కందిపప్పుతోపాటు ఉడికించి, చింతపండు రసం, ఉప్పు, కారం కలిపి వెల్లుల్లి తాలింపు పెట్టాలి. తోటకూర పప్పు చేసే పద్ధతే. ఇందులో పప్పులోని మాంసకృత్తులు, ఆకులోని ఇనుము ఒకే గిన్నెలో దొరుకుతాయి. ఇప్పటివరకు పారేసిన ఆకుకు ఖర్చు కూడా ఏమీ లేదు.

మన పొరుగున కూడా ఈ దుంపకు మంచి ఆదరణ ఉంది. కేరళలో ఓణం విందులో బీట్‌రూట్ పచ్చడి ఉంటుంది. శ్రీలంకలో కొబ్బరి పాలతో కూర చేస్తారు. బెంగాల్‌లో బీట్‌రూట్, క్యారెట్, వేరుశనగ పప్పులు కలిపి చాప్ అనే వేపుడు చేస్తారు. ఉత్తరాదిన హోలీ రోజుల్లో నల్ల క్యారెట్, బీట్‌రూట్ ముక్కలను ఆవపిండి నీళ్లలో కొన్ని రోజులు పులియబెట్టి కాంజీ అనే పానీయం తయారు చేస్తారు. ఉక్రెయిన్ దేశపు బోర్ష్ అనే బీట్‌రూట్ పులుసు వంట సంప్రదాయాన్ని 2022లో యునెస్కో తక్షణం పరిరక్షించవలసిన వారసత్వ జాబితాలో చేర్చింది.

9. మీరే చేసి చూడండి

ప్రయోగం 1: మూడు గ్లాసులలో బీట్‌రూట్ కలిపిన ఎర్రని నీళ్లు తీసుకోండి. ఒకదానిలో నిమ్మరసం, మరొకదానిలో సున్నపు తేట కలపండి. మూడవదానిని అలాగే ఉంచండి. నిమ్మరసంలో ఎరుపు నిలుస్తుంది. సున్నపు తేటలో అది పసుపు వైపు మారుతుంది. మందార పూల రసంతో ఇదే చేస్తే సున్నపు తేటలో ఆకుపచ్చ కనిపిస్తుంది. రెండు వర్ణకాలు వేరని మీ కళ్లతో మీరే చూడవచ్చు. సున్నం కంట్లో పడకుండా జాగ్రత్త పడండి. ప్రయోగానికి వాడినవి తాగవద్దు.

ప్రయోగం 2: ఒకే పరిమాణంలో కోసిన రెండు ముక్కలను బాగా కడిగి, ఒకటి చల్లని నీటిలో, మరొకటి పెద్దల సహాయంతో వేడి నీటిలో వేయండి. పది నిమిషాల తరువాత చూస్తే వేడి నీరు ఎర్రబడి ఉంటుంది. చల్లని నీటిలో రంగు కొద్దిగానే దిగుతుంది. బీటానిన్ కణంలోని రిక్తికలలో బందీగా ఉంటుంది. వేడికి కణత్వచం దెబ్బతినగానే బయటపడుతుంది. దుంపను తొక్కతో ఎందుకు ఉడికించమన్నామో ఇప్పుడు మీకు తెలిసింది.

10. సారాంశం

బీట్‌రూట్ తక్కువ కొవ్వు, తగినంత పీచు, మంచి ఫోలేట్, ఎక్కువ నైట్రేట్ ఉన్న కూరగాయ. దాని ఎరుపుకు ఇనుము కారణం కాదు, బీటానిన్ కారణం. ఇనుము దుంపలో కంటే ఆకులో ఎక్కువ. రక్తహీనతకు చికిత్స పరీక్షతో మొదలై, మాత్రతో, మంచి ఆహారంతో సాగాలి. ఆ ఆహారంలో బీట్‌రూట్ ఒక భాగం మాత్రమే.

ఈ రోజు ఇంటికి వెళ్లాక రెండు పనులు చేయండి. మీ నీలం మాత్ర ఎక్కడ ఉందో చూసుకోండి. ఈసారి బజారు నుంచి బీట్‌రూట్ తెచ్చేటప్పుడు ఆకులు తుంచవద్దని అమ్మేవారికి చెప్పండి.

స్వయం పరిశీలన ప్రశ్నలు

1. హిమోగ్లోబిన్, బీటానిన్ మధ్య ముఖ్యమైన తేడా ఏమిటి?
2. బీట్‌రూట్ రక్తం తయారీకి ఏ పోషకం ద్వారా తోడ్పడుతుంది? ఎలా?
3. 150 గ్రాముల దుంపలో ఎంత ఇనుము ఉంటుంది? అది 17 ఏళ్ల అమ్మాయి రోజువారీ అవసరంలో ఎంత శాతమో లెక్కించండి.
4. నోటిలోని బ్యాక్టీరియాకు, రక్తపోటుకు ఉన్న సంబంధాన్ని వివరించండి.
5. మీ ఇంట్లో బీట్‌రూట్ ఎలా వండుతారో అడిగి తెలుసుకొని, ఆ పద్ధతిలో పోషకాలు ఎక్కడ నష్టపోతున్నాయో రాయండి.